ఇరవై ఎనిమిదో రోజు

కూచో లింబాద్రీ, ఆ బకెట్టు బోర్లేసి కూచో.
నీ నోట్‌బుక్కు రాత్రి చదివిన, డెబ్బై మూడు పేజీలు.
బాగుందా అని ఇప్పుడే అడగకు,
ముందు ఈ క్యూబులు చూడు.

గాలా కాంక్రీటు ప్లాంటు లాబుల పదకొండేండ్లుగ నా పని ఇదే.
లారీ కదిలే ముందు ఇంత మాలు పట్టి
జానెడు డబ్బాలల్ల పోసి, తెల్లారి విప్పి
తేదీ రాసి నీళ్ల తొట్టిల ముంచుత.
ఏడో రోజు ఒకటి మిషన్ల నొక్కి పగలగొట్టాలె,
ఇరవై ఎనిమిదో రోజు ఇంకొకటి.
అప్పటిదాకా అది గట్టిదని ఎవడూ సంతకం పెట్టడు.

అసొంటోన్ని,
నా పుస్తకం మూడో రోజే అచ్చుకిచ్చిన.

ఫోన్ల ఆయన గొంతు బెల్లం పాకం.
గోల్డు ప్యాకేజీ అన్నడు, ముందుమాట మాదే అన్నడు,
శాలువా సుత మాదే అన్నడు.
ఐదొందలేస్తే కాపీకి డెబ్బై, వెయ్యేస్తే నలభై ఎనిమిది.
నాకు లెక్కలొస్తయి గద, వెయ్యి అన్న.
ఆ వెయ్యి మంది ఎవరని
నన్ను నేను అడగలే.

కంపెనీ అగ్రిమెంటు అరబ్బీల ఉంటే
ముగ్గురిని అడిగి సంతకం పెట్టినోన్ని,
తెలుగుల ఉన్న కాగితం చదవలే.
ఆరో లైన్ల ఉండెనట,
పదేండ్లు ఆ కవితలు ఆయనవేనని.

ప్రూఫు వచ్చింది జులైల.
ఎండకు పని బందైన మూడు గంటలల్ల,
పగిలిన ఫోను మీద చెమట వేలితోని తోసుకుంట
నా పేరు చూసుకున్న. సరిగ్గనే ఉన్నది.
ఓకే అని పంపిన.

ఒక ఫాంటుల కెల్లి ఇంకో ఫాంటుకు మారంగ
ఒత్తులు రాలిపోతయని ఎవడు చెప్పిండు నాకు?
ఆకులైతే చప్పుడన్న అయితది.
వెన్నెల వెనెల అయింది, రొట్టె రొటె అయింది.
ప్రతి కవితా మొదలు విన్నోడు, మా రూము గట్టయ్య,
పుస్తకం ఆయనకే అంకితం.
మొదటి పేజీ తెరిచి ఆయన అడిగిండు,
'ఈ గటయ ఎవడ్రా?'

నలభై కాపీలు ఇక్కడికొచ్చినయి,
ఎవరెవరి ముప్పై కిలోల మూటలల్ల
ఎవరెవరి మామిడి తొక్కునో పక్కకు నెట్టి.
తొమ్మిదొందల అరవై మెట్‌పల్లిల,
మా బామ్మర్ది ఎరువుల దుకాణంల.
పోయినేడు పోయి చూస్తే
యూరియా బస్తాల అడుగున పరిచిండు, చెమ్మ ఎక్కకుంట.
'మంచి కాగితం బావా' అన్నడు.
ఆ పుస్తకం గురించి నేను విన్న
ఒకే ఒక మెచ్చుకోలు అది.

ఆరు శుక్రవారాలు
గట్టయ్య, నేను, కింది మంచం నర్సాగౌడు,
నీలం పెన్నులతోని కూసున్నం.
ఒక్కొక్క ఒత్తు, ఒక్కొక్క అక్షరం కింద,
పిల్లగాండ్లకు చెప్పులు తొడిగినట్టు తొడిగినం.
గట్టయ్య తన పేరు మాత్రం దిద్దనియ్యలే.
'పగిలిన క్యూబు పారేస్తవా? నంబరేసి పక్కన పెడ్తవు.
గట్లనే ఉండనియ్యి.'

అందుకే నీ నోట్‌బుక్కు అట్ట మీద
మార్కరుతోని ఇయ్యాల్టి తేదీ రాసిన, కోపం చేసుకోకు.
ముట్టకు. ఇరవై ఎనిమిదో రోజు
నువ్వే గట్టిగ చదివి పగలగొట్టు.
మిగిలింది నర్సాగౌడుకియ్యి, ఆయన మొహమాటపడడు.
తర్వాత యాభై. యాభై చాలు.
అవి అయిపోతే మళ్ల యాభై,
అయిపోకపోతే మంచం కింద పడ్తయి.

ఇంకొకటి.
నలభై ఒకటో పేజీల రాసినవు చూడు,
కంపెనీ బస్సు అద్దానికి
నిద్రపోయినోళ్ల తలకాయలు వదిలిపోయిన
నూనె మరకలు,
సీటుకు ఒకటి, ఎవరిదో చెప్పొచ్చు అని.
అది నీళ్లల్ల ముంచకున్నా నిలబడ్తది.

ఈ మాట ఇయ్యాల చెప్పొద్దుండె.